ఖండనమా, విచ్ఛిన్నమా? వెంట్రుక కుదురు నిర్మాణంలో ప్రోటీజుల పాత్ర: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రోటీన్లను కోసే ఎంజైములు లోపిస్తే వెంట్రుక కుదురు సక్రమంగా రూపొందదని గత మూడు దశాబ్దాల జన్యు ప్రయోగాలు నిరూపించాయి. అయితే ఆ ప్రయోగాలు చూపిన దానికీ, వాటి ఆధారంగా వాడుకలోకి వచ్చిన సూత్రీకరణలకూ మధ్య కొంత దూరం ఉంది. కుదురు పుట్టడం, వెంట్రుక బయటికి రావడం, వెంట్రుక దృఢంగా ఉండడం, సమయానికి రాలడం వేర్వేరు ఘటనలు. వీటన్నింటినీ ‘కుదురు అభివృద్ధి’ అనే ఒకే మాటలో ఇమిడ్చినప్పుడు జరిగే నష్టాన్ని ఎక్టోడిస్‌ప్లాసిన్, మాట్రిప్టేజ్, కాథెప్సిన్ ఎల్ మొదలైన ఉదాహరణల ద్వారా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రోటీజులు, వెంట్రుక కుదురు, ఫ్యూరిన్, మాట్రిప్టేజ్, నెదర్టన్ వ్యాధి, కాథెప్సిన్ ఎల్, పరిభాష.

1. ప్రవేశిక

తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివిన విద్యార్థికి ప్రోటీజులు మొదట పరిచయమయ్యేది జీర్ణక్రియ పాఠంలో. జఠర రసంలోని పెప్సిన్, క్లోమ రసంలోని ట్రిప్సిన్ తిన్న పప్పునూ గుడ్డునూ విచ్ఛిన్నం చేస్తాయన్నది ఆ పాఠం నేర్పే విషయం. అందులో తప్పు లేదు. కానీ ఆ తొలి పరిచయం మనసులో ఎంత బలంగా నాటుకుంటుందంటే, పరిశోధన స్థాయికి వచ్చాక కూడా ప్రోటీజు అనగానే ‘కూల్చేది’ అన్న భావమే ముందుకు వస్తుంది. మానవ జన్యుసంపుటిలో ప్రోటీజులకు సంబంధించిన జన్యువులు 500 పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఆహారాన్ని జీర్ణం చేసేవి కొన్ని మాత్రమే. మిగిలినవాటిలో చాలా భాగం మరో ప్రోటీనులో ఒక నిర్దిష్ట స్థానం వద్ద ఒక్క కోత కోసి ఊరుకుంటాయి. ఆ కోతతో ఆ ప్రోటీను నశించకపోవచ్చు, పని మొదలుపెట్టవచ్చు.

వెంట్రుక కుదురు ఈ తేడాను గమనించడానికి అనువైన చోటు. పిండ దశలో బాహ్యచర్మం, దాని కింద ఉన్న కణజాలం పరస్పరం సంకేతాలు పంపుకోవడం వల్ల కుదురు మొలకెత్తుతుంది. మనిషిలో తొలి కుదుళ్లు సుమారు తొమ్మిదో వారంలో కనుబొమలు, పై పెదవి ప్రాంతంలో మొదలవుతాయి. చిట్టెలుకలో ఒంటి మీది మొదటి తరం వెంట్రుకలకు పునాది పడేది పద్నాలుగో రోజు దాటాక. పుట్టిన తరువాత సాధారణంగా కొత్త కుదుళ్లు ఏర్పడవు. ఉన్నవే పెరుగుదల, క్షీణత, విశ్రాంతి అనే చక్రంలో జీవితాంతం తిరుగుతాయి. కాబట్టి ఒక జంతువు ఒంటి మీద వెంట్రుక లేదంటే కారణం పిండంలో ఉండవచ్చు, చక్రంలో ఉండవచ్చు, వెంట్రుక దండంలోనే ఉండవచ్చు. బట్టతల ఎలుకను చూసి ‘ఈ ఎంజైము కుదురు అభివృద్ధికి అవసరం’ అని రాయడం సులభం. ఆ వాక్యంలో ఏ దశను ఉద్దేశించారో చెప్పడమే కష్టం.

తెలుగులో ‘కుదురు’ అన్న మాట ఇక్కడ అనుకోకుండా మేలు చేస్తుంది. కుండ నిలవడానికి వేసే చుట్టనూ కుదురే అంటారు, చెట్టు చుట్టూ చేసే పాదునూ కుదురే అంటారు. పాదు వేరు, అందులో మొలిచేది వేరు అన్న స్పృహ ఆ పదంలోనే ఉంది.

2. పుట్టుకకు కారణమయ్యే కోత

చార్లెస్ డార్విన్ 1875 నాటి తన గ్రంథంలో సింధు ప్రాంతానికి చెందిన ఒక హిందూ కుటుంబాన్ని ప్రస్తావించాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవారికి కొద్దిపాటి పళ్లు మాత్రమే ఉండేవి. ఒంటి మీద వెంట్రుకలు బాగా తక్కువ. చిన్న వయసులోనే తల బోడి అయ్యేది. కూతుళ్లకు ఆ లక్షణాలు ఉండవు గానీ వారి కొడుకులకు సంక్రమిస్తాయి. ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే ఈ రుగ్మతను నేడు స్వేదలోప బాహ్యస్తర వికృతిగా గుర్తిస్తున్నారు. దానికి కారణమైన జన్యువును 1996లో కనుగొన్నారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనే ఎక్టోడిస్‌ప్లాసిన్.

ఈ ప్రోటీను కణత్వచానికి అతుక్కుని పుడుతుంది. అక్కడే ఉండిపోతే తన పని చేయలేదు. ఫ్యూరిన్ తరగతి ప్రోటీజు దాని వెలుపలి భాగాన్ని ఒక నిర్దిష్ట స్థానం వద్ద కోసి విడుదల చేస్తేనే అది గ్రాహకాన్ని చేరి కుదురు మొలకను నిలబెడుతుంది. 2001లో వెలువడిన పరిశోధనలు ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెట్టాయి. కొన్ని కుటుంబాల్లో ఎక్టోడిస్‌ప్లాసిన్ తయారవుతూనే ఉంది. గ్రాహకంతో కలిసే భాగమూ చెడలేదు. మారినదల్లా ఫ్యూరిన్ గుర్తుపట్టే ఆ కొద్ది అమైనో ఆమ్లాల వరుస. కోత పడకపోవడమే వ్యాధి.

ప్రోటీజుల పాత్రకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం మరొకటి దొరకదు. దీని బలం ఎక్కడ ఉందో గమనించాలి. ఇక్కడ ఎంజైమును తీసివేయలేదు. ఫ్యూరిన్‌ను తొలగిస్తే దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రోటీన్లు ఒకేసారి దెబ్బతింటాయి. ఏది దేనివల్ల జరిగిందో తేల్చలేము. కోత పడవలసిన ఒక్క స్థానం మారినందువల్ల కార్యకారణ సంబంధం నేరుగా కనిపిస్తోంది. ప్రోటీజుల గురించి రాసే వ్యాసాల్లో ఎంజైము లేని ఎలుకల వర్ణనలు పుటలకు పుటలు ఉంటాయి గానీ, కోతను తట్టుకునే ప్రోటీనుతో చేసిన పరీక్షలు అరుదు. సాక్ష్యంగా వీటి విలువ మొదటి రకం కన్న ఎక్కువ.

ఈ అవగాహన చికిత్సకూ దారి తీసింది. గ్రాహకంతో కలిసే భాగాన్ని మాత్రమే, అంటే ముందే విడుదలైన రూపాన్ని, ప్రయోగశాలలో తయారుచేసి గర్భంతో ఉన్న చిట్టెలుకలకు ఇస్తే పిల్లల్లో లోపాలు శాశ్వతంగా సరిపడ్డాయని 2003లో వెల్లడైంది. జర్మనీ వైద్యులు కవల మగపిల్లలకు గర్భస్థ దశలో 26, 31 వారాల వద్ద ఉమ్మనీటిలోకి ఆ ప్రోటీనును ఎక్కించినట్లు 2018లో ప్రచురించారు. పుట్టాక ఆ పిల్లలకు చెమట సాధారణంగా పట్టింది. చెమట పట్టకపోతే పసిబిడ్డకు ఒళ్లు కాలి ప్రాణం మీదికి వస్తుంది కనుక ఇది చిన్న విజయం కాదు. అయితే మానవ పిండంలో 26వ వారానికి కుదుళ్ల ఏర్పాటు చాలావరకు ముగిసిపోయి ఉంటుంది. చెమట గ్రంథుల విజయాన్ని వెంట్రుకల ఖాతాలో జమ చేయడానికి వీలులేదు. సంకేతం ఒక్కటే అయినా, ఒక్కో అవయవం దానికి తలుపు తెరిచి ఉంచే కాలం వేరు.

3. శీర్షిక చెప్పినదీ, ప్రయోగం చూపినదీ

మాట్రిప్టేజ్ కణత్వచానికి అతికి ఉండే సెరీన్ ప్రోటీజు. 2002లో ఈ ఎంజైము లేని చిట్టెలుకలను వర్ణించిన ప్రసిద్ధ పత్రం తన శీర్షికలోనే నాలుగు విషయాలను ఒక్క వరుసలో పెట్టింది: పుట్టిన తరువాత బతకడం, బాహ్యచర్మపు రక్షణ గోడ, కుదురు అభివృద్ధి, థైమస్ గ్రంథి స్థిరత్వం. ఈ నాలుగింటికీ మాట్రిప్టేజ్ అవసరమని ప్రకటించింది. తరువాతి సమీక్షల్లో ఆ శీర్షికే యథాతథంగా సంచరించింది.

పత్రం లోపలి వివరాలు శీర్షిక కన్న ఆసక్తికరమైనవి, జాగ్రత్తతో కూడినవి కూడా. ఆ పిల్లలు చర్మం గుండా నీరు కోల్పోయి 48 గంటల్లోపే చనిపోయాయి. చిట్టెలుక పిల్ల నున్నగా పుడుతుంది. ఒంటి మీది బొచ్చు పైకి కనిపించడానికి మరికొన్ని రోజులు పడుతుంది. కనుక బొచ్చు పూర్తిగా పెరిగే తీరును ఆ పిల్లల్లో నేరుగా చూసే అవకాశమే లేదు. పిండ దశలోనే చాలా ముందుగా మొదలయ్యే మీసాల కుదుళ్లే అక్కడ బలమైన సాక్ష్యం. అవి ఏం చెబుతున్నాయి? మీసాలు బయటికి రాలేదు. వెంట్రుక బయటపడవలసిన మార్గం తెరుచుకోలేదు. కొన్ని మీసాలు చర్మం లోపలికే పెరిగాయి. తరువాత ఆ కుదుళ్లు పెద్ద ఎత్తున అంతరించాయి. మిగిలిన కుదుళ్లు కూడా కురచగా ఉన్నాయి.

అంటే కుదురు పుట్టింది, పెరగడం మొదలుపెట్టింది, దారి దొరకక ఆగిపోయింది. మొలకెత్తని విత్తనానికీ, గట్టిపడిన నేలను చీల్చుకోలేని మొలకకూ రైతు ఒకే పేరు పెట్టడు. ఎక్టోడిస్‌ప్లాసిన్ లోపంలో కుదురు మొలకే సరిగ్గా నిలబడదు. మాట్రిప్టేజ్ లోపంలో నిలబడిన కుదురు నుంచి దండం బయటికి రాలేదు. రెండింటినీ ‘అభివృద్ధికి అవసరం’ అనే వాక్యంతో ముగిస్తే పాఠకుడి చేతికి అందేది తక్కువ.

ఇక్కడ మరో అభ్యంతరం కూడా తలెత్తుతుంది. రక్షణ గోడ కూలిన చర్మంలో, నీరు కోల్పోతూ చనిపోతున్న జంతువులో కుదురు దెబ్బతినడం స్వతంత్ర ఫలితమా, ఉపఫలితమా? దీనికి కొంత సమాధానం 2006లో లభించింది. ఎంజైము ఏ కణాల్లో ఉంటుందో రంగు ద్వారా గుర్తించే పద్ధతిలో చూసినప్పుడు, కుదుళ్ల మధ్య ఉండే బాహ్యచర్మంలో అది పరిపక్వత చివరి దశకు చేరిన కణాల్లో కనిపించింది. కుదురులో మాత్రం వేగంగా విభజన చెందే మాత్రిక కణాల్లోనూ కనిపించింది. ఉనికి వేర్వేరు దశల కణాల్లో ఉన్నప్పుడు పని కూడా వేరు కావచ్చునన్న ఊహకు ఇది బలం ఇస్తుంది. ఊహకు బలం ఇవ్వడం, నిరూపించడం ఒకటి కావు.

మనుషుల్లో చిత్రం కొంత భిన్నం. 2007లో ఇజ్రాయెల్‌లోని ఒక అరబ్ కుటుంబంలో మాట్రిప్టేజ్ జన్యువులో 827వ స్థానంలోని గ్లైసిన్‌కు బదులు ఆర్జినిన్ చేరిన మార్పును గుర్తించారు. ఆ మార్పు ఉన్నవారికి పొలుసులు కట్టే చర్మం, పలచని ఉంగరాల జుట్టు ఉన్నాయి. వారు బతికే ఉన్నారు. ఎంజైము పూర్తిగా లేకపోవడం, దాని శక్తి తగ్గడం ఒకే రకమైన ఘటనలు కావని ఈ పోలిక గుర్తు చేస్తుంది. ఆ ఎంజైమును అతి తక్కువ మోతాదులో తయారుచేసే చిట్టెలుకలు తరువాత ఈ కుటుంబపు లక్షణాలనే ప్రదర్శించాయి. మానవ వ్యాధికి నమూనాగా 2002 నాటి ఎలుక కన్న ఈ ఎలుకే నమ్మదగినది.

4. ‘సమతుల్యత’ అనే సులభ సమాధానం

ప్రోటీజు తక్కువైతే వెంట్రుక పలచబడుతుంది సరే, ఎక్కువైతే? నెదర్టన్ వ్యాధి దీనికి జవాబుగా తరచు ఉదహరించబడుతుంది. 1958లో నెదర్టన్ వర్ణించిన రోగి వెంట్రుకలు వెదురు కణుపుల్లా ముడులు తేలి విరిగేవి. 2000లో దీనికి కారణం స్పింక్5 జన్యువులోని లోపమని తేలింది. ఆ జన్యువు తయారుచేసే లెక్టి అనే ప్రోటీను కల్లిక్రీన్ 5, కల్లిక్రీన్ 7 వంటి ప్రోటీజులకు కళ్లెం. కళ్లెం లేనప్పుడు అవి చర్మకణాలను కలిపి ఉంచే బంధాలను అకాలంలో కోసేస్తాయి.

2010లో వచ్చిన పరిశోధన ఈ కథను మాట్రిప్టేజ్‌తో కలిపింది. నిద్రాణ స్థితిలో ఉన్న కల్లిక్రీన్లను మేల్కొలిపే ఎంజైముల్లో మాట్రిప్టేజ్ ఒకటి. లెక్టి లేని ఎలుకల్లో మాట్రిప్టేజ్‌ను కూడా తొలగిస్తే వ్యాధి తీవ్రత తగ్గింది. 2017లో కల్లిక్రీన్ 5, 7 రెండింటినీ తొలగించినప్పుడు లెక్టి లేని ఎలుకలు మరణం నుంచి తప్పించుకున్నాయి. చర్మానికి సంబంధించినంతవరకు ఈ వరుస పరిశోధనలు ఈ రంగంలో జరిగిన ఉత్తమ కృషిలో భాగం. రోగుల బాధను తగ్గించే కల్లిక్రీన్ నిరోధకాల అన్వేషణకు ఇవే ఆధారం.

చిక్కంతా వీటిని వెంట్రుక కుదురు చర్చలోకి తెచ్చే తీరులో ఉంది. మాట్రిప్టేజ్ తగ్గితే వెంట్రుక లోపం, కల్లిక్రీన్ పెరిగితే వెంట్రుక లోపం, కాబట్టి ప్రోటీజుల ‘సమతుల్యత’ కుదురు అభివృద్ధికి కీలకం అని సమీక్షలు ముగుస్తాయి. ఈ ‘సమతుల్యత’ ఏ ఫలితం వచ్చినా సరిపోయే మాట. ఏ ఫలితం వచ్చినా సరిపోయే మాటకు శాస్త్రంలో వివరించే శక్తి ఉండదు. నెదర్టన్ రోగిలో కుదురు పుట్టడంలో లోపం లేదు. గట్టిపడే దశలో వెంట్రుక దండపు ఒక భాగం మెత్తగా ఉండిపోయి, పక్క భాగం అందులోకి కూరుకుపోవడం వల్ల ముడి పడుతుంది. అది దండపు దృఢత్వానికి సంబంధించిన లోపం. మాట్రిప్టేజ్ లేని ఎలుకలో మీసం బయటికి రాకపోవడంతో దీన్ని ఒకే తక్కెడలో రెండు వైపులా పెట్టడం తర్కానికి నిలవదు. చర్మంలో ఆ రెండు ఎంజైములూ ఒకే గొలుసులోని కడియాలన్నది నిజం. కుదురులో కూడా అదే గొలుసు పనిచేస్తోందని చూపనిదే ఆ నిజాన్ని అక్కడికి మోసుకుపోలేము.

5. కాథెప్సిన్ ఎల్: ఒక ఆదర్శ అనుమానం

పరిశోధన పద్ధతి దృష్ట్యా ఈ రంగంలో అధ్యాపకులు విద్యార్థుల ముందు పెట్టదగిన ఉదాహరణ కాథెప్సిన్ ఎల్. ఇది లైసోసోములో ఉండే సిస్టీన్ ప్రోటీజు. అంటే నిజంగానే ‘జీర్ణం చేసే’ కోవకు చెందినది. ‘ఫర్‌లెస్’ అనే పేరుతో చాలాకాలంగా తెలిసిన బొచ్చు రాలే ఎలుకల్లో లోపం ఈ ఎంజైముదేనని 2000లో తేలింది. 149వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారడమే దానికి మూలం. ఎంజైము పూర్తిగా లేని ఎలుకల్లో కూడా బొచ్చు విడతలు విడతలుగా రాలి మళ్లీ మొలిచింది, బాహ్యచర్మం మందమైంది.

రాలి మళ్లీ మొలవడమంటే కుదురు బతికే ఉందన్నమాట. కనుక తొలి వివరణ చక్రం వైపు మొగ్గింది. 2002లో మరో బృందం కుదురు నిర్మాణ దశలోనే కెరాటిన్ కణాలు, రంగునిచ్చే మెలనోసైట్లు పరిపక్వమయ్యే తీరులో లోపాలున్నాయని చూపి ఆ వివరణను విస్తరించింది. ఇంతవరకు ఇది సాధారణ కథే.

2005లో వచ్చిన పని ఈ కథను వేరే స్థాయికి తీసుకువెళ్లింది. లోపానికి మూలం ఏ కణంలో ఉందన్న ప్రశ్నను ఆ పరిశోధకులు సూటిగా అడిగారు. ఎంజైము లేని ఎలుకలో కేవలం కెరాటిన్ కణాల్లో దాన్ని తిరిగి ప్రవేశపెట్టారు. చర్మపు లోపం సరిపడింది. తొలగిస్తే చెడటం ఒక సాక్ష్యం, ఒక్క చోట తిరిగి పెడితే బాగుపడటం అంతకన్న పదునైన సాక్ష్యం. ఆ తరువాత వారు ఎదురుచూసినదే జరుగుతుందేమోనని పరీక్షించారు. జీర్ణం చేసే ఎంజైము లేదు కనుక కణంలోకి వెళ్లిన వృద్ధి కారకం జీర్ణం కాకుండా పేరుకుపోవాలి. రేడియోధార్మిక గుర్తు వేసిన వృద్ధి కారకంతో కొలిస్తే అలా జరగలేదు. అది లోపలికి వెళ్లడంలో గానీ, విచ్ఛిన్నం కావడంలో గానీ మామూలు కణాలకూ వీటికీ తేడా లేదు. తేడా కనిపించింది మరోచోట: ఎంజైము లేని కణాలు వృద్ధి కారకాన్ని ఎక్కువగా కణ ఉపరితలానికి తిప్పి పంపుతున్నాయి, దాని గ్రాహకాలు కూడా ఆ కణాల్లో ఎక్కువగా ఉన్నాయి. ఫలితంగా విభజించుకోమన్న ఆజ్ఞ ఆ కణాలకు పదేపదే అందుతోంది. వృద్ధి కారకం లేని మాధ్యమంలో పెంచితే రెండు రకాల కణాలూ ఒకే వేగంతో పెరిగాయి.

తమ ఎంజైము పేరులోనే ఉన్న పనిని వివరణగా స్వీకరించకుండా, దాన్ని కూడా పరీక్షకు పెట్టి కాదని తేల్చడం ఈ పత్రం ఘనత. ‘ప్రోటీన్లను విచ్ఛిన్నం చేసే ఎంజైము లోపించింది, కాబట్టి విచ్ఛిన్నం కావలసినది మిగిలిపోయి హాని చేసింది’ అన్న వాక్యం వినడానికి ఎంత సహజంగా ఉన్నా, ఇక్కడ అది తప్పు.

6. నిజమైన విచ్ఛిన్నం

విచ్ఛిన్నం అన్న మాట అక్షరాలా వర్తించే సందర్భం కూడా కుదురు చరిత్రలో ఉంది. బీటా-కెటెనిన్ అనే ప్రోటీను మామూలు కణంలో తయారవుతూనే ప్రోటియసోములో ముక్కలుగా నశిస్తూ ఉంటుంది. కుదురు మొదలు కావాలన్న సంకేతం అందినప్పుడు ఆ నాశనం ఆగి, అది కేంద్రకంలోకి చేరి జన్యువులను మేల్కొలుపుతుంది. 1998లో నశించని రూపంలో ఉన్న బీటా-కెటెనిన్‌ను చిట్టెలుక చర్మంలో ప్రవేశపెట్టినప్పుడు, కొత్త కుదుళ్లు పుట్టకూడని ఎదిగిన వయసులోనే కుదుళ్లు పుట్టుకొచ్చాయి. వయసు పెరిగేకొద్దీ అవే గడ్డలుగా మారాయి. మరుసటి ఏడాది మనుషుల్లో వెంట్రుక మాత్రిక కణాల నుంచి పుట్టే పిలోమాట్రికోమా గడ్డల్లో అధిక భాగంలో ఇదే ప్రోటీనుకు సంబంధించిన మార్పులు బయటపడ్డాయి.

ఎక్టోడిస్‌ప్లాసిన్ విషయంలో కోత పడితే కుదురు పుడుతుంది. బీటా-కెటెనిన్ విషయంలో నాశనం ఆగితే కుదురు పుడుతుంది. రెండింటికీ తెలుగులో ‘ప్రోటీను విచ్ఛిత్తి’ అనే రాస్తున్నారు. ఒక్క స్థానంలో పడే నియత కోతకు ‘ఖండనం’ అనీ, పూర్తి నాశనానికి ‘విచ్ఛిన్నం’ అనీ వాడుకను స్థిరపరిస్తే ఈ అయోమయం చాలావరకు తొలగుతుంది. ఖండన అంటే వాదాన్ని తిప్పికొట్టడం అన్న అర్థం కూడా ఉంది గదా అన్న అభ్యంతరం రావచ్చు. సున్న చేరిన ‘ఖండనం’ ఆ అర్థానికి కొంత దూరంగానే నిలుస్తుంది. అంతకన్న మంచి మాట ఎవరైనా ప్రతిపాదిస్తే దాన్నే వాడుకోవచ్చు. రెండు పనులకు రెండు మాటలు ఉండడమే కావలసినది.

7. కోయని ప్రోటీజు

మాట్రిప్టేజ్‌కు తోడుగా పనిచేసే ప్రోస్టాసిన్ ఈ చర్చను మరింత చిక్కు చేస్తుంది. ‘ఫ్రిజ్జీ’ అనే ఉంగరాల బొచ్చు చిట్టెలుకలోనూ, బొచ్చు లేని ఒక జాతి పెద్ద ఎలుకలోనూ లోపం ప్రోస్టాసిన్ జన్యువులోనే ఉందని 2010లో గుర్తించారు. ఆ జంతువులు బతుకుతాయి. ప్రోస్టాసిన్ అసలే లేని పిల్లలు మాత్రం మాట్రిప్టేజ్ లేనివాటిలాగే చర్మం గుండా నీరు కోల్పోయి చనిపోతాయి. 2014లో ఒక బృందం ప్రోస్టాసిన్‌ను తొలగించకుండా, దాని కోత శక్తికి ఆధారమైన ఒక్క సెరీన్‌ను అలనిన్‌గా మార్చింది. ఎంజైము కణత్వచం మీద ఉంటుంది, కానీ దేన్నీ కోయలేదు. ఆ ఎలుకల చర్మంలో రక్షణ గోడ ఏర్పడింది. అవి ఆరోగ్యంగా పెరిగాయి. చర్మానికి సంబంధించి ప్రోస్టాసిన్ చేసే ప్రాణాధారమైన పని కోత కాదు.

ఇది ఔషధ పరిశోధకులకు నేరుగా సంబంధించిన విషయం. ప్రోటీజు నిరోధకాలుగా తయారయ్యే చిన్న అణువులు ఎక్కువగా ఎంజైము కోత స్థానంలో కూర్చుని దాన్ని పనిచేయనీయవు. ఎంజైమును కణం నుంచి తొలగించవు. జన్యువును తొలగించిన ఎలుకను చూసి, నిరోధకం కూడా అదే ఫలితం ఇస్తుందని అంచనా వేయడం ప్రోస్టాసిన్ విషయంలో పూర్తిగా తలకిందులవుతుంది. జన్యువు తొలగిస్తే మరణం, కోత శక్తి తొలగిస్తే ఆరోగ్యం. నెదర్టన్ వ్యాధికి కల్లిక్రీన్ నిరోధకాలను రూపొందిస్తున్న చోట కూడా, జన్యువు తొలగించిన ఎలుకల ఫలితాలతో పాటు కోత శక్తిని మాత్రమే కోల్పోయిన ఎలుకల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. వెంట్రుక కుదురు విషయంలో మాట్రిప్టేజ్‌కు ఈ రెండో రకం పరీక్ష ఏం చెబుతుందన్నదే 2002 నాటి ఆ శీర్షికను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చే ప్రశ్న.